వరహాలమ్మ విన్న బండి

దేవదానం మాస్టారు అడగ్గానే జవాబు చెప్పే మనిషి కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టి, గుడ్డపీలికతో ఒక్కో వేలూ తుడుచుకుని, ఎప్పుడో ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి మొదలుపెట్టేవారు. అందులో మన ప్రశ్నకు జవాబు ఉందో లేదో మనమే వెతుక్కోవాలి. ముప్పై ఏళ్లకు పైగా ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్కు పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి ఈ అలవాటు ఎలా వచ్చిందో మాకెవరికీ తెలియదు.

అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. విశాఖపట్నం అల్లిపురంలో ఆయన షెడ్డు ఉండేది. ఆదివారం ఉదయం అయిదారుగురం అక్కడ చేరేవాళ్లం. మాలో అరవై నిండని వాడు లేడు. మా మోటారుసైకిళ్లన్నీ ఇంగ్లండులో తయారైనవి, మాకంటే పెద్దవి. నార్టన్, ట్రయంఫ్, ఏరియల్, బి.ఎస్.ఏ. వాటి నట్లకు ఇప్పటి స్పానర్లు పట్టవు. కిక్కు కొట్టడానికి ముందు పిస్టన్ ఎక్కడుందో కాలితోనే పసిగట్టి, దాన్ని సరైన చోటికి తెచ్చుకుని అప్పుడు తొక్కాలి. లేకపోతే అది తిరిగి మోకాలిని తంతుంది. మధ్యాహ్నం మేము వెళ్లిపోయాక ఏ బండి ఎక్కడ నిలబడిందో నేలమీది నూనె మరకలు చూసి చెప్పొచ్చు. పెట్రోలు వాసన, మాగ్నెటో మూత తీస్తే వచ్చే పాత బేకలైటు వాసన, మాస్టారు పెట్టించే అల్లం టీ. ఆ ఆదివారాలు ఇప్పుడు లేవు.

మాలో గౌరునాయుడు గారని ఉండేవారు. పోర్టులో ఓడలను లాగే టగ్గు నడిపి రిటైరయ్యారు. అరవై ఎనిమిదేళ్లు. ఒక ఆదివారం ఆయన మోచేతికి కట్టుతో వచ్చారు. భీమిలి రోడ్డులో ఇసక మేటవేసిన మలుపు దగ్గర బండి జారిందట. బి.ఎస్.ఏ.కి ఏమీ కాలేదు గానీ ఆయన చెయ్యి గీరుకుపోయింది.

"ఇంట్లో ఏమన్నారు?" అని నేనడిగాను.

"బాత్‌రూములో జారానని చెప్పాను" అన్నారాయన.

ఎవరూ నవ్వలేదు. ఇలాంటివి మేమంతా ఏదో ఒకటి చెప్పినవాళ్లమే. ఆయనే మాస్టారి వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగారు.

"మాస్టారూ, బండి మానెయ్యాల్సిన రోజు వచ్చిందని మనిషికి ఎలా తెలుస్తుందండీ?"

మాస్టారు స్పానరు కింద పెట్టారు. ఆ రోజు ఆయన చెప్పిన సంగతి ఇది.

*

సాలూరులో నీలాద్రిరావు గారని పశువుల డాక్టరు ఉండేవారు. ఉద్యోగమంతా ఆ చుట్టుపక్కలే, పాచిపెంట కొండల మీది ఊళ్లలోనే గడిచింది. సైన్యం వదిలించుకున్న మ్యాచ్‌లెస్ బండి ఒకటి ఆయనకు పాతికేళ్ల వయసులో వాల్తేరులో దొరికింది. ఒకటే సిలిండరు, ఆకుపచ్చ రంగు. జీపు ఎక్కలేని దారులు కూడా అది ఎక్కేది. ఒక పక్క సంచిలో సిరంజీలు, మందులు. రెండో పక్క సంచిలో స్పానర్లు, ప్లగ్గులు, నూనె సీసా. పశువు డొక్క మీద చెవి ఆనించి లోపలేముందో చెప్పే మనిషి, బండికి కూడా అలాగే వైద్యం చేసేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటే చాలు, ఏ వాల్వు వదులైందో చెప్పేసేవారు. దేవదానం మాస్టారు అప్పట్లో విజయనగరంలో పనిచేసేవారు. పాత సామాన్లు ఎక్కడ దొరికినా సంపాదించి పంపేవారు కనుక ఇద్దరికీ స్నేహం.

డాక్టరు గారి భార్య వరహాలమ్మ. ఆవిడ ఆ బండి ఎక్కిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. రెండుసార్లు ఆస్పత్రికి, నాలుగైదు సార్లు ఊళ్లోనే పెళ్లిళ్లకి. బండి గురించి ఆవిడ మంచిగా గానీ చెడుగా గానీ మాట్లాడగా ఎవరూ వినలేదు.

రిటైరైన ఆరేళ్లకు డాక్టరు గారికి విషజ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ వినికిడి పోయింది. ఒక చెవి పూర్తిగా మూసుకుపోయింది, రెండో దానిలో ఏదో హోరు. చెవి మిషను పెట్టి చూశారు. దానితో ఆ హోరు పెరిగిందే తప్ప మాట వినపడలేదు. భార్య పెదవులు చూసి ఆవిడ మాట పోల్చుకునేవారు, మిగతావాళ్లు పలక మీద రాసి చూపించాలి. బండి ఆరు నెలలు గోడ పక్కన నిలబడిపోయింది.

కార్తీకంలో మాస్టారికి ఆయన దగ్గరనుంచి కార్డు ముక్క వచ్చింది. "చెవిలేనివాడికి ఈ బండి ఎందుకు? వచ్చి తీసుకెళ్లు. నీ విద్యార్థులు విప్పి నేర్చుకుంటారు. నేను మొత్తం ఊడదీసి శుభ్రం చేసి మళ్లీ బిగించి ఉంచుతాను" అని రాసి ఉంది. మాస్టారు బండి పట్టేంత ఖాళీ ఉన్న వ్యానొకటి మాట్లాడుకుని సాలూరు వెళ్లారు.

బండి వాకిట్లో తళతళలాడుతూ ఉంది. డాక్టరు గారు దాన్ని చూడకుండా వీధి వైపు చూస్తున్నారు. వ్యానెక్కించే ముందు ఒకసారి నడుస్తుందో లేదో చూద్దామని మాస్టారు కిక్కు కొట్టారు. రెండో కిక్కుకి అంటుకుంది. మాస్టారి చెవికి బాగానే ఉంది. ఆరు నెలలు నిలబడిన బండి అంతకంటే బాగా పలకదనుకున్నారు.

అంతలో వంటింట్లోంచి వరహాలమ్మ గారు పిండి చేతులతో బయటికి వచ్చారు.

"ఏటి మాస్టారూ, ఎవరి బండి తెచ్చారు?"

"మీ బండేనమ్మా."

ఆవిడ బండిని చూశారు, మళ్లీ మాస్టారిని చూశారు. "మా బండి ఇలా పలకదు. ఇది ఆయాసపడతంది" అన్నారు.

మాస్టారు నవ్వి ఊరుకుందామనుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విని పాఠాలు చెబుతున్న మనిషి ఆయన. కానీ ఆవిడ ముఖంలో వేళాకోళం లేదు. బిడ్డ గొంతు మారిందని తల్లి చెబుతున్నట్టుంది. సరేనని, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో మూత విప్పి చూశారు. డాక్టరు గారు పుస్తకంలో ఉన్నట్టే బిగించారు, చేత్తో తడిమి, కళ్లతో కొలిచి. ఎక్కడా తప్పు లేదు. అయినా నిప్పురవ్వ పడే క్షణాన్ని వెంట్రుకవాసి ముందుకు జరిపి మళ్లీ కిక్కు కొట్టారు.

"మారింది. కానీ ఇది కాదు" అన్నారావిడ. ఆ తర్వాత కొంచెం మొహమాటంగా, "ఇక్కడ నిలబడితే నాకు తెలీదు మాస్టారూ. వంటింట్లోకి వెళ్తాను. అక్కణ్నుంచి చెప్తాను" అని లోపలికి వెళ్లి పొయ్యి దగ్గర నిలబడ్డారు.

ఆ పూటంతా అదే పని. మాస్టారు ఒక మరను కొంచెం తిప్పడం, కిక్కు కొట్టడం, వంటింటి కిటికీలోంచి మాట రావడం. "ఎక్కువైంది." "వెనక్కి." "మళ్లీ ఆయాసం." డాక్టరు గారికి ఏం జరుగుతోందో మొదట అర్థం కాలేదు. మాస్టారు పలక మీద రాసి చూపించారు. ఆయన బండి దగ్గరికి వచ్చి అరచెయ్యి పెట్రోలు ట్యాంకు మీద ఆనించి నిలబడ్డారు.

పదకొండో కిక్కుకి ఇంజను అందుకుంది. వంటింట్లోంచి మాట రాలేదు. మాస్టారు తలెత్తి చూసేసరికి వరహాలమ్మ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఇదీ" అన్నారు. "ఇది పెద్దమ్మాయి పుట్టిన ఏటి శబ్దం."

మాస్టారికి తేడా అప్పుడు తెలిసింది. అంతకుముందు బాగుందనుకున్నది బాగుండలేదని కూడా తెలిసింది. ఇంజను ఆపి, "ఇవన్నీ మీకెలా తెలుసమ్మా?" అని అడిగారు.

ఆవిడ అందులో విశేషమేముందన్నట్టు చెప్పారు. డాక్టరు గారు కొండ దిగి వేగావతి వంతెన మీదికి వచ్చేసరికి బండి శబ్దం వినపడేది. అప్పుడు బియ్యం కడిగేవారు. సంత మలుపు తిరిగేసరికి ఎసట్లో పోసేవారు. పశువు బతికిన రోజు వంతెన దిగగానే గేరు మారేది. దక్కని రోజు గేరు మార్చకుండా అలాగే ఈడ్చుకుంటూ వచ్చేవారు. అలాంటి రోజు ఆవిడ ఏమీ అడగకుండా వడ్డించేవారు. వాన వస్తే శబ్దం వంతెన దగ్గర వినపడేది కాదు, కనుక వానరోజుల్లో గుమ్మంలోనే కూర్చునేవారు. కొన్నిరోజులు శబ్దం వచ్చేదే కాదు. కొండ మీది పశువులకు గాళ్లవ్యాధి, అదే గాలికుంటు, వచ్చిన ఏడాది తొమ్మిది రోజులు రాలేదు.

డాక్టరు గారు ఆవిడ పెదవుల నుంచి చూపు తిప్పలేదు. అంతా అయ్యాక నెమ్మదిగా అన్నారు. చెవి పోయాక ఆయన గొంతు ఎప్పుడు పెద్దదవుతుందో ఎప్పుడు చిన్నదవుతుందో ఆయనకే తెలిసేది కాదు. ఆ రోజు చాలా చిన్నగా వచ్చింది.

"ఇన్నేళ్లు నాకు ఒక్కసారీ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు" అన్నారావిడ. అని, పిండి ఎండిపోతోందని లోపలికి వెళ్లిపోయారు.

మాస్టారు భోజనం చేసి ఖాళీ వ్యానులో తిరిగి వెళ్లారు.

ఆ తర్వాత వారం పదిరోజులకు వరహాలమ్మ గారు భర్తను ఒక కోరిక కోరారు. "వంతెన అవతల ఏముందో నేనెప్పుడూ చూడలేదు. ఆ తొమ్మిది రోజులు మీరున్న ఊరు నాకు చూపించండి." డాక్టరు గారు భయపడ్డారు. వెనక వచ్చే బస్సు హారను తనకు వినపడదు కదా అన్నారు. ఆవిడ అప్పటికే ఆలోచించి పెట్టుకున్నారు. ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చుంటారు. ఒకసారి నొక్కితే వెనక ఏదో బండి వస్తోందని. రెండుసార్లు నొక్కితే మన బండి శబ్దం మారిందని.

ఉదయం ఏడింటికి బయల్దేరారు. పాచిపెంట దాటేవరకూ అంతా బాగుంది. లారీ వస్తే ఆవిడ నొక్కడం, ఆయన పక్కకు తియ్యడం. నడక నేర్చుకుంటున్నట్టు ఉందని ఆయన తర్వాత మాస్టారితో అన్నారు. ఘాటీ ఎక్కుతుండగా నాలుగో మలుపు దగ్గర ఆవిడ రెండుసార్లు నొక్కారు. ఆయనకు హ్యాండిలు దగ్గర ఏ తేడా తెలియలేదు. బండి బాగానే లాగుతోంది. తల అడ్డంగా ఊపి ముందుకు పోనిచ్చారు. ఆవిడ మళ్లీ రెండుసార్లు నొక్కారు. ఆయనకు చిరాకు వచ్చింది. ఇన్నేళ్లు నా కాళ్లమధ్య ఉన్న బండి నాకు తెలియదా అనుకున్నారు. ఇంకో మలుపు ఎక్కారు. అప్పుడు ఆవిడ నొక్కడం మానేసి వీపు మీద అరచేత్తో గట్టిగా కొట్టారు.

ఆయన కోపంగా బండి ఆపి దిగారు. ఏదో అనబోయి, కిందికి చూసి ఆగిపోయారు.

ఇంజను తలకాయకు నూనె మోసే సన్నటి గొట్టం నట్టు వదులైపోయింది. నూనె ఇంజను పక్కనుంచి జారి గాలికి వెనక్కి కొట్టి, వెనక టైరు అంచు తడిసి నల్లగా మెరుస్తోంది. ఇంకో రెండు మలుపులైతే ఘాటీ ఎక్కడం అయిపోయి దిగుడు మొదలవుతుంది. పక్కన లోయ. పైకి నూనె అందక వాల్వులు టిక్కుటిక్కుమని కొట్టుకోవడం ఆవిడ విన్నారు.

ఆ నట్టు బిగించింది ఆయనే. బిగించాననుకున్నది ఆయనే.

డాక్టరు గారు రోడ్డు పక్క రాతి మీద కూర్చున్నారు. "నా చెవి ఒక్కటే పోయిందనుకున్నాను. చెయ్యి కూడా పోయింది వరహాలూ. నిన్ను చంపేసేవాణ్ని. ఇక చాలు, కిందికి తోసుకుపోదాం" అన్నారు.

వరహాలమ్మ గారు ఆయన ఎదురుగా, పెదవులు కనపడేలా నిలబడ్డారు.

"ఆ ఊరు ఇంకెంత దూరం?"

"మూడు మైళ్లు ఉంటుంది."

"అయితే నట్టు బిగించండి. ఈసారి నేను చూస్తుంటాను."

ఆయన బిగించారు. ఆవిడ వంగి చూసి, ఇంకొంచెం అన్నారు. ఇంకొంచెం బిగించారు. సీసాలోని నూనె ఇంజనులో పోశారు. టైరును మట్టితో రుద్ది గుడ్డతో తుడిచారు. ఆ పని ఇద్దరూ చేశారు.

ఊరు చేరేసరికి ఒక వింత జరిగింది. మలుపు తిరిగి బండి కనపడకముందే జనం గుడిసెల్లోంచి బయటికి వచ్చి దారిలో నిలబడి ఉన్నారు. ముసలివాళ్లు, ఆడవాళ్లు. "బండి డాక్టరు" అంటున్నారు. ఏడేళ్లయింది ఆయన ఆ కొండెక్కి. శబ్దం విని వచ్చారు వాళ్లు. వినపడనిది నడుపుతున్న మనిషికి ఒక్కడికే. వాళ్లెందుకు వచ్చి నిలబడ్డారో ఆయనకు అర్థం కాక భార్య వైపు తిరిగారు. ఆవిడ చెప్పారు. ఆయన ఇంజను ఆపి దిగారు. ఒక ముసలావిడ వరహాలమ్మ గారి చెయ్యి పట్టుకుని, గాళ్లవ్యాధి నాటి సంగతులు చెబుతూ తన పాకలోకి తీసుకెళ్లింది. ఆయన ఆ తొమ్మిది రోజులు పడుకున్న గడ్డివాము చోటు కూడా చూపించింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆ బండి తిరిగింది. ఏ నట్టు బిగించినా రెండో మనిషి చూశాకే కదిలేది. సాలూరు రోడ్డు మీద ముందు తెల్లజుట్టు, వెనక తెల్లజుట్టు, భుజం మీద చెయ్యి. అలా వెళ్తుంటే చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఒకరోజు రామభద్రపురం వెళ్లి వచ్చారు. ఆయన వాకిట్లో బండి ఆపి స్టాండు వేశారు. ఆవిడ దిగి, చీర సర్దుకుని, ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"ఏమండీ, ఇవాళ లారీ పక్కకొచ్చేదాకా నాకు వినపడలేదు."

ఆయన ఆవిడ పెదవులు చూశారు. సరిగా చదివానా అని మళ్లీ చెప్పమన్నారు. ఆవిడ మళ్లీ చెప్పారు. ఆయన వంగి పెట్రోలు కుళాయి కట్టేశారు.

"ఆకలేస్తోంది, పద" అన్నారు.

అంతే. ఎవరి కంటా నీళ్లు లేవు. తర్వాత ఎప్పుడో మాస్టారు వెళ్లినప్పుడు, బండి మానేసినందుకు బాధగా లేదా అని పలక మీద రాసి అడిగారు. డాక్టరు గారు చదివి, పలక చెరిపి ఇచ్చేశారు. "బాధెందుకు? ఇద్దరం కలిసే దిగాం" అన్నారు.

*

మాస్టారు చెప్పడం ఆపారు. టీ గ్లాసులు చల్లారిపోయాయి. నాకు మా ఇల్లు, ఇంటి ముందు రోడ్డు కళ్లముందు మెదిలాయి. నా బండి ఇంకా దూరాన ఉండగా మా ఇంట్లో ఎవరు ఏం చేస్తుంటారో ఎప్పుడూ అనుకోలేదు.

గౌరునాయుడు గారు కట్టు కట్టిన మోచెయ్యి నిమురుకుంటూ కొంచెం సేపు ఆలోచించారు. తర్వాత, ఏదో పెద్ద అడ్డంకి తొలగినట్టు అన్నారు.

"నా చెవులు రెండూ బాగానే పనిచేస్తున్నాయండీ మాస్టారూ."

"మీ చెవుల గురించి కాదు నాయుడుగారూ" అన్నారు మాస్టారు. "మీరు ఇంటికి వచ్చేటప్పుడు, బండి ఏ మలుపు దగ్గరుండగా మీ ఆవిడకు వినపడుతుంది?"